షియాన్‌లో వంగపువ్వు రంగు

చైనా వెళ్లిన మనవాళ్లలో ఎక్కువమంది బీజింగ్‌లో గోడెక్కి ఒక ఫోటో, షాంఘైలో నది ఒడ్డున దీపాల ముందు ఇంకో ఫోటో దిగి తిరుగు విమానం ఎక్కేస్తారు. చేతిలో ఇంకో మూడు రోజులుంటే మాత్రం షియాన్‌ని వదలకండి. బీజింగ్ నుంచి బుల్లెట్ రైలెక్కితే ఐదు గంటలు అటూ ఇటూగా అక్కడ దింపేస్తుంది. ఎన్నో రాజవంశాలకు రాజధానిగా వెలిగిన ఊరు. సిల్క్ రోడ్డు బయల్దేరింది ఇక్కణ్నుంచే.

ఊరి నడిబొడ్డు చుట్టూ మింగ్ రాజుల కాలం నాటి కోటగోడ ఉంది. చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. గోడ మీద అద్దెకి సైకిళ్లిస్తారు. సాయంత్రం పూట తొక్కుకుంటూ వెళితే ఒక పక్క పాత ఊరి పెంకుల కప్పులు, ఇంకో పక్క ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లు. దిగొచ్చాక ముస్లిం వీధిలో దానిమ్మ రసం, మసాలా వాసనలు, జనం. బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ అని అమ్ముతారు, ఒక్కోటి నడుముకి పెట్టుకునే బెల్టంత వెడల్పుంటుంది. మాంసం వద్దని ముందే చెబితే ఎర్ర కారం, వేడి నూనె పోసి ఇస్తారు. మన గుంటూరు నాలుకకి ఏ ఇబ్బందీ లేదు.

హుయాన్‌త్సాంగ్ మన దేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాల్ని దాచడానికి 652లో కట్టిన పెద్ద గోపురం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆయన మన ఆంధ్రదేశానికీ, ధాన్యకటకానికీ వచ్చి వెళ్లిన మనిషి. చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పుస్తకంలో పేరు బట్టీ పట్టడమే తప్ప, ఆయన ఇంటికి తిరిగొచ్చి చేసిన పని ఇంతదని ఆ మెట్లెక్కుతుంటే గానీ తెలీలేదు.

ఇవన్నీ ఏ ట్రావెల్ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నేను రాయాలనుకున్నది షియాన్‌లో చూసిన ఒక రంగు గురించి. చూసిన అనడం కూడా కొంచెం ఎక్కువే. అది ఇప్పుడు కంటికి సరిగ్గా ఆనదు.

మట్టి సైన్యం ముందు

నాతో వచ్చింది మా అక్క కొడుకు. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. రాగి ఉన్న స్ఫటికాల్ని గడ్డకట్టే చలి కన్నా ఇంకా ఇంకా చల్లబరిచి, వాటి అయస్కాంత గుణం ఎలా మారుతుందో కొలవడం వాడి పని. ఐదో ఏడు నడుస్తోంది. "ఆ రాళ్లని ఇంకెన్నాళ్లు చల్లబెడతాడే? వాడితో చదివినవాళ్లంతా ఇళ్లు కొనుక్కున్నారు. నీ మాటైతే వింటాడు, దారిలో నచ్చజెప్పు" అని అక్క నాకో పని అప్పజెప్పింది. బావగారైతే ఆ మాత్రం కూడా అనలేదు, మౌనంగా ఊరుకున్నారు. అది ఇంకా బరువు.

షియాన్ కావాలని పట్టుబట్టింది వాడే. "పిన్నీ, నేను చల్లబెట్టే రాయి పుట్టిల్లు అక్కడుంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. సరే పదమన్నాను.

మట్టి సైనికులు ఊళ్లో లేరు. తూర్పున 40 కిలోమీటర్ల దూరంలో, లింతోంగ్ అనే చోట, లీషాన్ కొండ దాపున ఉన్నారు. మెట్రో తొమ్మిదో లైన్లో హువాచింగ్‌చీ స్టేషన్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి బస్సెక్కాలి. మేం వెళ్లింది అక్టోబరు చివర్లో. బస్సు దిగిన దగ్గర్నుంచీ గేటు దాకా దానిమ్మపళ్ల బుట్టలే. లింతోంగ్ దానిమ్మకి పెట్టింది పేరు.

1974 మార్చిలో ఇక్కడి రైతులు నీళ్ల కోసం బావి తవ్వుకుంటుంటే మట్టి తలకాయలు బయటపడ్డాయి. అలా మొదలైన తవ్వకంలో తేలింది చైనాని క్రీ.పూ. 221లో ఒక్క గొడుగు కిందికి తెచ్చిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలా కాసే సైన్యం. మొత్తం 8000 మంది దాకా ఉంటారని అంచనా. ఒకటో గొయ్యి 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. దాని మీద విమానాల షెడ్డంత కప్పు వేశారు. లోపలికి అడుగుపెట్టగానే జనం గోల కొంచెంసేపు వినపడదు. ఐదు మీటర్ల లోతులో వరసలు వరసలుగా నిలబడి, దాదాపు అందరూ ఒకే దిక్కుకి చూస్తుంటారు. ఏ ఇద్దరి ముఖాలూ ఒకేలా అనిపించవు. ఒకడికి మీసం మెలితిరిగి ఉంటుంది, ఇంకొకడికి బుగ్గలు పొంగి ఉంటాయి. అచ్చం మన సంతలో కనపడే మనుషుల్లాగే ఉంటారు.

అందరిదీ ఒకటే రంగు. దుమ్ము రంగు. నేను అదే అన్నాను.

"అది వాళ్ల రంగు కాదు పిన్నీ, ఊడిపోయాక మిగిలింది" అన్నాడు వాడు.

నిమిషాల్లో ఊడే రంగు

పాతిపెట్టిన నాడు ఈ సైన్యం మన ఊరి జాతర బొమ్మల్లా రంగుల్లో మెరిసిపోయింది. ముఖానికి గులాబీ ఛాయ, చొక్కాలకి ఆకుపచ్చ, కవచం ముడులకి ఎరుపు, అక్కడక్కడా చేతుల అంచులకి, పంచెలకి, లాగులకి ఊదా. మట్టి బొమ్మని కాల్చాక ముందు ఒక చెట్టు పాలు పూసేవారు. ఏటికొప్పాక బొమ్మల నునుపు చూశారుగా, ఇదీ అలాంటి పూతే. కాకపోతే మనది పురుగు ఇచ్చే లక్క, వాళ్లది చెట్టు కార్చే పాలు. ఆ పూత మీద రంగులు వేశారు.

2200 ఏళ్లు తడిమట్టిలో ఉండటంతో ఆ పూత చెమ్మని పీల్చుకుని అలాగే నిలిచింది. బొమ్మని బయటకి తీసి పొడిగాలి తగలనిచ్చారో, నిమిషాల్లో పూత ఎండి చుట్టలు చుట్టుకుంటుంది. దాని మీది రంగు పెచ్చులు పెచ్చులుగా రాలి మట్టిలో కలిసిపోతుంది. మొదటి ఏళ్లలో తవ్విన బొమ్మల రంగు చాలావరకు ఇలాగే పోయింది. తరవాత జర్మనీ నిపుణులతో కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు. బొమ్మ బయటపడుతుండగానే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మందు తడుపుతారు. పూతలో ఉన్న నీటి చోటుని అది మెల్లగా ఆక్రమించి, ముడుచుకోకుండా ఆపుతుంది. రంగులు మిగిలిన కొందరు సైనికులు ఆ కష్టం ఫలితమే.

రెండో గొయ్యి దగ్గర, అద్దాల పెట్టెలో, మోకాలి మీద కూర్చున్న విలుకాడొకడు ఉన్నాడు. కవచం ముడుల్లో ఎరుపు కొద్దికొద్దిగా కనిపిస్తుంది. పక్కనే తవ్విన వెంటనే తీసిన ఫోటోలు. ఒక ఫోటోలో చొక్కా అంచున ఊదా రంగు. మావాడు దానికి దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. గుళ్లో మూలవిరాట్టు ముందు నిలబడ్డట్టు చూశాడనాలి.

మనవాళ్లు పట్టుచీర కొనేటప్పుడు వంగపండు రంగు అంటారే, ఇది అంత ముదురు కాదు. కాస్త నీలం కలిసిన లేత ఊదా. పెరట్లో వంగమొక్క పూస్తే ఆ పువ్వుకి ఏ రంగుంటుందో అది.

ముగ్గురాయి, ఇసుక, రాగి

ప్రపంచంలో దీన్ని హాన్ పర్పుల్ అంటున్నారు. ఈ రంగు వాడకం హాన్ వంశపు రాజుల కాలంలో బాగా కనపడింది కాబట్టి ఆ పేరు. నిజానికి హాన్ రాజుల కన్నా ముందువాడైన చిన్ షి హువాంగ్ సైన్యం మీదే ఉంది కదా! హాన్ రాజ్యం క్రీ.శ. 220లో పోయాక ఈ రంగు తయారీ కూడా క్రమంగా అంతరించింది. చేసేవాళ్లు లేక, అడిగేవాళ్లు లేక మరుగునపడిపోయింది. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థకి చెందిన ఎలిజబెత్ ఫిట్జ్‌హ్యూ, లిండా జైకర్‌మన్ 1983లో దీని తోబుట్టువైన హాన్ నీలాన్ని, 1992లో ఈ ఊదాని పరీక్షించి అసలు సంగతి చెప్పారు. ఇది గనిలోంచి తవ్వి తీసిన రంగురాయి కాదు. మనిషి చేసింది. బేరియం, రాగి, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన స్ఫటికం.

చేసే పద్ధతి చెబితే వంటలా ఉంటుంది. బేరియం ఉన్న ఖనిజం, తెల్ల ఇసుక, రాగి ఖనిజం మెత్తగా నూరి, తొందరగా కలవడానికి కాస్త సీసం చేర్చి, 900 నుంచి 1000 డిగ్రీల మధ్య గంటల తరబడి కాల్చాలి. వేడి తగ్గితే కలవదు. ఎక్కువైతే ముక్కలైపోతుంది. పాళ్లు మారితే ఊదా బదులు నీలం వస్తుంది. థర్మామీటరు లేని రోజుల్లో, మంట రంగు చూసి ఈ వేడి నిలబెట్టారంటే మామూలు విషయం కాదు.

బేరియం అనగానే ఇదేదో మనకి సంబంధం లేని పదార్థం అనుకోకండి. బేరియం ఉండే ఖనిజాల్లో ముఖ్యమైనది బెరైట్, అంటే మన ముగ్గురాయి. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని పెద్దవాటిల్లో ఒకటి. ఈ సంగతి చెప్పగానే మావాడు "నిజమే పిన్నీ, నాకు తట్టనేలేదు" అని నవ్వాడు. ఇంత దూరం వచ్చాక నేను కూడా వాడికి ఒకటి చెప్పగలిగానని నాకు భలే సంతోషం.

ఈ విద్య వాళ్లకి ఎలా అబ్బిందనే దానిమీద పండితుల్లో రెండు మాటలున్నాయి. ఈజిప్టువాళ్లు అంతకు చాలా ముందే కాల్షియంతో ఇలాంటి నీలం చేశారు, ఆ కబురు దారుల వెంట ఇక్కడిదాకా వచ్చి ఉంటుందని కొందరి మాట. కాదు, ఇక్కడి తావో సాధువులు పచ్చలాంటి జేడ్ రాయికి నకలు చేయాలని గాజు కాలుస్తూ, అనుకోకుండా దీన్ని పట్టుకున్నారని 2007లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల బృందం వాదించింది. ఏదైనా కానీ, వాళ్లకి కావాల్సింది ఒక మంచి రంగు. అంతే. ఆ పొడిలో ఇంకో లోకం ఉందని వాళ్లెవరికీ తెలీదు.

పూతరేకుల పాఠం

మధ్యాహ్నం బయట బెంచీ మీద కూర్చుని, హైదరాబాదు నుంచి తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకుల డబ్బా విప్పాం. "ఇప్పుడు చెప్పరా, నీ రాయి గొడవేంటో. నాకర్థమయ్యేట్టు చెబితే మీ అమ్మకి నేను చెబుతాను" అన్నాను. వాడు ఒక పూతరేకు తీసి పొరలు విడదీశాడు.

"ఇదే పిన్నీ నా స్ఫటికం. రేకులు రేకులుగా ఉంటుంది. రేకుకీ రేకుకీ మధ్య నువ్వు నెయ్యి, చక్కెర వేస్తావు చూడు, అక్కడ బేరియం ఉంటుంది. ఒక్కో రేకులో రాగి అణువులు జంటలు జంటలుగా నిలబడి ఉంటాయి, కింద ఒకటి, మీద ఒకటి."

ఈ రూపంలో ఉండే ఒక్కో రాగి అణువులో జంట కుదరని ఎలక్ట్రాన్ ఒకటి మిగులుతుంది. అదొక బుల్లి అయస్కాంతం. గది వేడిలో ఇవన్నీ తలో దిక్కూ ఊగుతూ ఉంటాయి. చల్లబరుస్తూ పోతే మామూలు అయస్కాంతాల్లో ఇవన్నీ ఒక క్రమంలోకి వస్తాయి. ఇక్కడ అలా కాదు. జంటలోని రెండు రాగి అణువులూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురు తిరిగి లాక్కుంటాయి. ఒకే కాడికి రెండు ఎద్దుల్ని ఎదురెదురుగా కట్టి, సమానంగా లాగించారనుకోండి. బండి కదులుతుందా? అలాగే రెండు అయస్కాంతాలూ కలిసి సున్నా అయిపోతాయి. అంటే చలి పెరిగేకొద్దీ ఈ రాయికి అయస్కాంత గుణం పెరగకపోగా మాయమైపోతుంది. లోపల కోటానుకోట్ల అయస్కాంతాలున్నా బయటికి ఒక్కటి కూడా లేనట్టే.

"మరి ఏమీ లేనిదాన్ని ఐదేళ్లు చూడ్డమేంట్రా?"

"అక్కడే ఉంది పిన్నీ మజా. బయట నుంచి చాలా పెద్ద అయస్కాంతం పెట్టి ఆ కాడిని విడదీయాలి."

ఎంత పెద్దదంటే, మన స్కానింగ్ సెంటర్లలో ఎంఆర్‌ఐ మిషను బలం సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాలు. తాళంచెవి పట్టుకుని దగ్గరికి వెళితే లాగేసుకుంటుందని భయపెడతారు కదా, ఆ బలం. ఈ రాగి జంటలు విడిపోవాలంటే 23 టెస్లాలు దాటాలి. అంత బలం పుట్టించే అయస్కాంతాలున్న చోట్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం టాలహాసీలో ఒకటుంది. ఆ అయస్కాంతం లోపల ఉండేదీ రాగి పలకల దొంతరే. చిల్లులు పెట్టిన పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, విపరీతమైన కరెంటు పంపుతూ, కాలిపోకుండా చిల్లుల్లోంచి చన్నీళ్లు తోడతారు. రాగి పొరల గుట్టు విప్పడానికి రాగి పొరలే కావాల్సొచ్చాయి.

ఒకే శ్రుతిలో

చలి మాటకొస్తే, ఏ వస్తువైనా చల్లబడగల చివరి హద్దు సున్నాకి 273 డిగ్రీలు దిగువన ఉంది. అక్కణ్నుంచి లెక్కపెట్టేదే కెల్విన్ కొలత. నక్షత్రాల మధ్య ఖాళీ ఆకాశం 2.7 కెల్విన్‌ల దగ్గర ఉంటుంది. ఈ ఊదా రాయిని అంతకన్నా చల్లగా, ఒక కెల్విన్‌లో చిన్న వంతు దాకా దించి చూశారు. మట్టి సైనికుడి చొక్కా మీది రంగుని ఆకాశం కన్నా చల్లబెట్టారంటే వినడానికే వింతగా లేదూ!

అంత చలిలో, 23 టెస్లాలు దాటాక, విడిపడిన జంటలు ఒక్కొక్కటీ ఒక రేణువులా రేకు పొడవునా తిరగడం మొదలెడతాయి. ఇంకాస్త బలం పెంచితే ఆ రేణువులన్నీ ఎవరికి వారుగా ఉండటం మానేసి, ఒకే లయలోకి వస్తాయి. కోలాటంలో ముప్పై మంది కర్రలు ఒకే దెబ్బగా వినిపిస్తాయే, అలాగ. రేణువులు ఇలా కలిసిపోతాయన్న ఆలోచనకి మూలం మన సత్యేంద్రనాథ్ బోస్. 1924లో ఢాకా నుంచి ఆయన ఐన్‌స్టీన్‌కి పంపిన వ్యాసమే దానికి పునాది. వాయువు అణువుల్లో ఆ స్థితిని అమెరికాలో 1995లో మొదటిసారి చూడగలిగారు. రాయి లోపలి అయస్కాంత రేణువుల్లో దాన్ని స్పష్టంగా చూపించిన పదార్థాల్లో ఈ ఊదా రంగు ఒకటి.

2006లో స్టాన్‌ఫర్డ్, లాస్ అలమోస్ పరిశోధకులు దీనిమీద ప్రచురించిన ఫలితం పేరు మోసింది. ఆ వ్యాసం రాసినవాళ్లలో మొదటి పేరు సుచిత్రా సెబాస్టియన్. చెన్నై ఉమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో ఫిజిక్స్, అహ్మదాబాద్ ఐఐఎంలో ఎంబీఏ చదివి, మేనేజ్‌మెంట్ ఉద్యోగం చేసి, అది వదిలి మళ్లీ ఫిజిక్స్‌కి వెళ్లిన మనిషి. ఇప్పుడు కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు. ఈ ముక్క నేను మనసులో పెట్టుకున్నాను. అక్కకి చెప్పడానికి పనికొస్తుంది.

వాళ్లు చూసిందేమిటంటే, ఆ 23 టెస్లాల గీటుకి దగ్గరగా, అతి చలిలో, ఈ రాయికి ఎత్తు అనేది మరిచిపోయినట్టు లెక్క వచ్చింది. పొడవు, వెడల్పు మాత్రమే ఉన్న లోకంలో జరగాల్సినట్టు జరిగింది. మావాడు పూతరేకు పొరని ఎత్తి చూపించాడు. "దొంతర అలాగే ఉంది. కానీ ఏ రేకుకి ఆ రేకే. పక్క రేకు ఉన్నట్టే దీనికి తెలీదు."

ఎందుకలా? అప్పట్లో చెప్పిన కారణం చక్కగా ఉంది. పై రేకులోని ఒక్కో జంట, కింది రేకులోని నాలుగు జంటల నడిమధ్యన వస్తుంది. ఆ నలుగురిలో ఇద్దరు అవునంటారు, ఇద్దరు కాదంటారు. పైవాడు ఎవరి మాట వింటాడు? ఎవరిదీ వినడు. ఆ రకంగా రేకుల మధ్య మాట పడిపోయిందన్నారు.

మాట మారింది

"అయితే అది తప్పు పిన్నీ" అన్నాడు వాడు, పూతరేకు నోట్లో వేసుకుంటూ.

నాకు కోపమొచ్చింది. ఇంతసేపూ చెప్పి, అర్థమయ్యాక తప్పంటాడేంటి?

తరవాత పరిశోధకులు న్యూట్రాన్ కిరణాలు పంపి లోపలికి చూశారు. ఈ రాయిని సుమారు 100 కెల్విన్‌ల కన్నా చల్లబరిస్తే దాని ఒళ్లే కొంచెం మారుతుంది. అప్పటిదాకా అన్నీ ఒకేలాంటి రేకులు అనుకున్నది కాస్తా, రకరకాల రేకులుగా విడిపోతుంది. కొన్ని రేకుల్లో జంటలు గట్టిగా పట్టుకుంటాయి, కొన్నింట్లో వదులుగా. 2020లో వచ్చిన ఒక పరిశోధన ఇలాంటి రేకులు మూడు రకాలున్నాయనీ, నలుగురు నాలుగు మాటలు చెప్పే పేచీ అసలు లేదనీ తేల్చింది. వదులు రేకులు ముందు లేస్తాయి, వాటి మధ్య ఉన్న గట్టి రేకులు ఇంకా లేవవు. అందుకే లేచిన రేకు ఒంటరిదైనట్టు కనిపిస్తుంది. బెర్లిన్‌లో 25.9 టెస్లాల దాకా వెళ్లి న్యూట్రాన్లతోనే ఆ క్రమాన్ని పరీక్షించారు.

ఆ మరుసటి ఏడు ఇంకో పని చేశారు. బేరియంలో పదో వంతు తీసేసి స్ట్రాన్షియం కలిపారు. వంటలో ఒక దినుసు మార్చినట్టు. అలా చేసిన రాయి చలికి ఒళ్లు మార్చుకోలేదు, రేకులన్నీ ఒకే రకంగా ఉండిపోయాయి. దానికి ఎత్తు కూడా మామూలుగానే ఉంది! పొడవు, వెడల్పు, ఎత్తు, మూడూ ఉన్న రాయికి రావాల్సిన లెక్కే వచ్చింది.

"మరి ముందువాళ్లు చెప్పింది వృథానా?"

"వాళ్లు కొలిచిన అంకెలు నిజం పిన్నీ. అవి ఇప్పటికీ అవే. ఎందుకలా అన్న కథ మారింది. ఆ కథ చెప్పకపోతే తరవాతివాళ్లు అడిగేవాళ్లే కాదు."

దీనివల్ల ఉపయోగం ఏమిటన్నది బావగారి ప్రశ్న. అదీ అడిగాను. పొరల్లో రాగి ఉండే స్ఫటికాల కుటుంబం చాలా పెద్దది. 1986లో స్విట్జర్లాండ్‌లో బెడ్నార్జ్, ముల్లర్ అనే ఇద్దరు అలాంటి రాగి ఆక్సైడులోనే, అప్పటిదాకా ఎవరూ ఊహించనంత వేడి దగ్గర కరెంటు ఏమాత్రం నష్టపోకుండా పారడం చూశారు. మరుసటి ఏడాదే నోబెల్ ఇచ్చారు. నలభై ఏళ్లు కావస్తున్నా అది ఎందుకు జరుగుతుందో అందరూ ఒప్పుకునే వివరణ రాలేదు. పొరల్లో ఉన్న రాగి అయస్కాంతాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో తెలిస్తే గానీ అది తేలదు. ఊదా రాయి ఆ కుటుంబంలో కొంచెం నెమ్మదస్తురాలు, కరెంటు పారనివ్వదు, ప్రశ్న సూటిగా అడిగితే జవాబిస్తుంది. అందుకని దాని దగ్గర నేర్చుకుంటున్నారు.

తవ్వని గుట్ట

సాయంత్రం చక్రవర్తి సమాధి గుట్ట దగ్గరికి వెళ్లాం. సైనికుల గోతుల నుంచి ఒకటిన్నర కిలోమీటరు ఉంటుంది. చూడ్డానికి చెట్లు మొలిచిన మామూలు మట్టిదిబ్బ. లోపల పాదరసంతో నదులు పారించారని చైనా పాత చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. పైమట్టిలో పాదరసం పాలు మామూలు కన్నా ఎక్కువ ఉన్నట్టు ఇప్పటి పరీక్షల్లో తేలింది కూడా. అంత సంపద కళ్ల ముందుంది. ఆ గది మాత్రం తెరవలేదు. సైనికుల గోతుల్లో కూడా ఇంకా ఎందరో మట్టిలోనే ఉన్నారు.

చేతకాక కాదు. తెరిస్తే లోపలున్నవాటిని కాపాడగలమనే నమ్మకం ఇంకా రాలేదు. చొక్కా అంచు మీది ఊదా రంగు నిమిషాల్లో రాలిపోవడం చూసిన మనుషులు వీళ్లు. అందుకే ఇప్పుడు కొన్నిచోట్ల బొమ్మని ముట్టుకోకుండానే, మామూలు వెలుగు పడేసి కంటికి కనపడని పరారుణ కాంతిని కెమెరాతో పడతారు. ఈ రాగి రంగులు ఆ కాంతిలో మెరుస్తాయి. మనకి వట్టి మట్టిలా ఉన్నచోట కూడా ఒక రేణువు మిగిలుంటే చెప్పేస్తుంది.

ఆ గుట్ట ముందు నిలబడి నేను మా అక్క మాట ఎత్తాలనుకున్నాను. ఎత్తలేకపోయాను. నిధి ఉందని తెలిసి కూడా యాభై ఏళ్లుగా పార పక్కన పెట్టి కూర్చున్న చోట, "నువ్వు తొందరగా తేల్చుకోరా" అని ఎలా అంటాం? పైగా వాడే అన్నాడు, "పిన్నీ, ఇంకో ఏడాదిన్నరలో థీసిస్ ఇచ్చేస్తాను. అమ్మకి నేను చెప్పలేకపోతున్నాను, నువ్వు చెప్పవా?" అని. ఇద్దరూ నాకే అప్పజెప్పారన్నమాట. తిరిగొచ్చాక చెప్పాను. సుచిత్ర గారి కథ బాగానే పనిచేసింది. బావగారు మాత్రం అంతా విని, "ఆ రంగు పొడి కొంచెం తెచ్చావా?" అని అడిగారు. తేలేదు, అది అమ్మరు అన్నాను.

మీరు వెళ్లాలనుకుంటే

ఏప్రిల్, మే గానీ, అక్టోబరు రెండో వారం దాటాక గానీ వెళ్లండి. అక్టోబరు మొదటి వారం వాళ్ల జాతీయ సెలవులు. కాలు పెట్టడానికి చోటుండదు. మ్యూజియం టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, పాస్‌పోర్టు తప్పనిసరి. అందరూ ఒకటో గొయ్యి చూసి వెనక్కి తిరిగేస్తారు. మీరు మూడో గొయ్యితో మొదలుపెట్టండి. చిన్నది, 68 మంది బొమ్మలే, సేనాధిపతుల కొలువు. అక్కణ్నుంచి రెండోది. ఒకటోది చివర్లో చూస్తే దాని పరిమాణం ఏమిటో తెలుస్తుంది. పూర్తిగా చూడ్డానికి ఒక రోజు పడుతుంది. శాకాహారులు నాలుగు పూతరేకులో, పులిహోరో వెంట పెట్టుకోండి.

రెండో గొయ్యి దగ్గర అద్దాల పెట్టెల ముందు జనం సెల్ఫీలు తీసుకుంటుంటారు. వాళ్లు జరిగేదాకా ఆగండి. ఫోన్ లైటు వేయకండి, ఒప్పుకోరు కూడా. వంగి, ముడుల దగ్గర, చేతుల అంచుల దగ్గర నెమ్మదిగా వెతకండి. ఎరుపు తొందరగా దొరుకుతుంది. ఊదా దొరకడానికి టైం పడుతుంది.